కాలేయంలో క్లోమం: ‘స్థానభ్రంశం’ అనవచ్చునా?

ప్రశ్న (తిరుపతి): మా పెదనాన్నగారి కాలేయం నుంచి తీసిన చిన్న ముక్కను పరీక్షించి ఇచ్చిన నివేదికలో ‘హెటరోటోపిక్ పాంక్రియాస్’ అని ఉంది. భయపడవలసినది కాదని వైద్యులు చెప్పారు. అదేమిటో తెలుగులో రాసివ్వమని ఆయన అడిగితే ‘స్థానభ్రంశం చెందిన క్లోమం’ అని రాసిచ్చాను. చదివి, “అయితే నా క్లోమం ఉండవలసిన చోట లేదా?” అని దిగులుపడ్డారు. సరైన మాట చెప్పగలరా?

జవాబు: ఆయన దిగులుకు కారణం మీరు వాడిన మాటే. భ్రంశమంటే జారిపోవడం, కీలు తప్పిన ఎముకకు ఆ మాట సరిపోతుంది. ఇక్కడ అసలు క్లోమం తన చోటనే, జీర్ణాశయం వెనుక, క్షేమంగా ఉంటుంది. దానితో నాళాల సంబంధం గాని రక్తనాళాల సంబంధం గాని లేని క్లోమ కణజాలం కొద్దిగా వేరొక అవయవంలో కనిపిస్తుంది. ఎక్కువగా జీర్ణాశయంలోనూ చిన్నపేగు మొదటి భాగాల్లోనూ కనిపించే ఈ కణజాలం కాలేయంలో కనిపించడం అరుదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పిండదశలో క్లోమం రెండు మొగ్గలుగా పుడుతుంది. వాటిలో ఒకటి కాలేయపు మొగ్గ పక్కనే పుట్టి, తరువాత పేగుతో పాటు తిరిగి రెండవదానితో కలుస్తుంది. ఆ ప్రయాణంలో కొన్ని కణాలు విడిపోయి వేరే చోట నిలిచిపోయాయని కొందరంటారు. అక్కడి కణాలే క్లోమ కణాలుగా మారాయని మరికొందరంటారు. ‘స్థానభ్రంశం’ అనగానే మనం తెలియకుండానే మొదటి వాదం వైపు చేరిపోతాము. గ్రీకులో ‘హెటిరోస్’ అంటే వేరొకటి, ‘టోపోస్’ అంటే చోటు. ఎలా వచ్చిందన్న ఊసు ఆ మాటలో లేదు. కనుక ‘అన్యస్థాన క్లోమ కణజాలం’ అనడం న్యాయమని నా అభిప్రాయం. ‘కణజాలం’ అన్నది మాత్రం వదలకండి. అది లేకపోతే రెండవ క్లోమం ఉన్నదన్న భ్రమ కలుగుతుంది.

మరొకరు (చిత్తూరు): ‘పరస్థాన’ అంటే ఇంకా తేలిక కదా?

జవాబు: అర్థం సరిపోతుందండీ. కాని చెవికి అది ‘ప్రస్థానం’లా వినిపించి, మళ్లీ ప్రయాణమనే భావమే వస్తుంది.

ఇంకొకరు: ‘క్లోమం’ అన్న మాటే తన చోటున నిలవలేదని గమనించాలి. ఆయుర్వేద గ్రంథమైన చరకసంహిత తాలువు(అంగిలి)తో పాటు క్లోమాన్ని ఉదకవహ స్రోతస్సులకు, అంటే శరీరంలో నీటిని మోసే మార్గాలకు, మూలమని చెప్పింది. అది ఏ అవయవమన్న విషయంలో పండితులు ఇప్పటికీ ఏకీభవించరు. నేటి తెలుగు వైద్య రచనల్లో దానికి పాంక్రియాస్ అనే అర్థం స్థిరపడింది కాబట్టి ఇక్కడ అభ్యంతరం లేదు.

ప్రశ్న వేసినవారు: అందరికీ కృతజ్ఞతలు. ‘మీ క్లోమం దాని చోటనే ఉంది, అటువంటి కణజాలమే కొంచెం కాలేయంలో కూడా కనిపించింది’ అని రాసి, దాని కింద ‘అన్యస్థాన క్లోమ కణజాలం’ అని చేర్చాను. పెదనాన్నగారు రెండుసార్లు చదివి, “రాగిచేలో చెనక్కాయ మొలిచినట్టు, అంతేనా?” అన్నారు. ఆ పోలిక కూడా మొదటి వాదం వైపే మొగ్గుతుందని తెలిసినా, అవునన్నాను.