నాలుగో ఏడు ఆనర్స్: ఉన్న కాలేజీలోనే చదవాలా, పీజీకి వెళ్లిపోవాలా?

ఆరో_సెమిస్టర్:
ఆంధ్రా డిగ్రీలో సింగిల్ మేజర్ (ఒక్క సబ్జెక్టే ప్రధానంగా చదవడం) మొదలైన 2023-24 బ్యాచ్ నాది. ఫిజిక్స్ మేజర్, కెమిస్ట్రీ మైనర్. ఐదు సెమిస్టర్లకి సీజీపీఏ 7.6. నాలుగో ఏడు ఇక్కడే ఆనర్స్ చేయాలా, మూడేళ్ల డిగ్రీ తీసుకుని పీజీ ప్రవేశపరీక్ష పీజీసెట్ రాయాలా? పీహెచ్‌డీ చేయాలని ఉంది.

గెజిట్_గోపాలం:
ఉండిపోండి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకి 160. పెరిగే 40లో మేజర్‌కి 20 (60 నుంచి 80), మైనర్‌కి 8 (24 నుంచి 32), మిగతా 12 రీసెర్చ్ ప్రాజెక్టుకి. ప్రాజెక్టు చేయనివాళ్లు ఆ 12కి బదులు మూడు పేపర్లు చదవాలి. ఆ తర్వాత పీజీ ఒక్క ఏడాదే. 3+2 అయినా 4+1 అయినా ఐదేళ్లే కదా! పైగా 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి వెళ్లొచ్చు, 2024 నుంచి జాతీయ అర్హత పరీక్ష నెట్ కూడా రాయొచ్చు.

బెంచి_చివర:
కాగితం మీద ఐదేళ్లే. మీరు కోరుకునే క్యాంపస్‌లో మీ సబ్జెక్టులో ఏడాది ఎమ్మెస్సీ ఉందా? నోటిఫికేషన్‌లో దానికి విడిగా సీట్లు చూపించకపోతే మీరూ రెండేళ్ల కోర్సులోనే కూర్చోవాలి. అప్పుడు 4+2, అంటే ఆరేళ్లు. ఇది తేలకుండా ఉండిపోండి అని ఎలా చెప్తారు?

శాతం_శాస్త్రి:
ముందు ఆ 75 సంగతి తేల్చండి. 7.6 అంటే 76 అని ఎవరన్నారు? కొన్ని వర్సిటీలు సీజీపీఏని పదితో హెచ్చిస్తాయి. కొన్ని ముందు 0.5 తీసేసి హెచ్చిస్తాయి, ఆ లెక్కన 71. మీ వర్సిటీ మార్కుల మెమో వెనక ఏ ఫార్ములా అచ్చేసిందో చూడండి.

గెజిట్_గోపాలం:
శాస్త్రిగారూ, ఇందులో రెండు 75లు ఉన్నాయి. ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’లో చేరాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 ఉండాలి. పీహెచ్‌డీ అర్హతకైతే నాలుగేళ్ల మొత్తం మీద 75. ఈ రెండోది 2022 నవంబరు పీహెచ్‌డీ నిబంధనల్లోది. అందులో డిగ్రీ ‘విత్ రీసెర్చ్’ అయి తీరాలన్న షరతు లేదు. కాబట్టి ఆరు సెమిస్టర్లకి తగ్గినా మామూలు ఆనర్స్ చేసి, చివరి రెండు సెమిస్టర్లలో పైకి లాక్కోవచ్చు.

శాతం_శాస్త్రి:
లాక్కోవడం అంత తేలికా? ఆరు సెమిస్టర్లకి 71 ఉంటే మొత్తం 75 కావడానికి చివరి రెండింట్లో 87 రావాలి. 120 క్రెడిట్ల బరువు ఒకవైపు, 40 క్రెడిట్లు ఇంకోవైపు.

డీఎస్సీ_ఆశావహుడు:
టీచర్ ఉద్యోగం వైపు ఆలోచన ఉంటే మూడేళ్ల డిగ్రీ, బీఈడీ చాలు. ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ చదివి ఉండాలి, కాబట్టి ఆ మైనర్ మాత్రం మార్చుకోకండి.

బెంచి_చివర:
అతను అడిగింది పీహెచ్‌డీ గురించి. సరే, రీసెర్చ్ ఆనర్స్ నడపాలంటే డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ గైడ్‌గా గుర్తింపు ఉన్న పర్మనెంట్ ఫ్యాకల్టీ కనీసం ఇద్దరుండాలి. చిన్న ఊరి కాలేజీల్లో ఎక్కడున్నారండీ? నాకు తెలిసిన ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్‌కి పనిచేసే సోడియం ల్యాంపు ఒక్కటే. స్పెక్ట్రోమీటర్ ప్రిజం టేబుల్ స్క్రూలు తుప్పుపట్టి తిరగవు. లెవెల్ కుదరక మినిమం డీవియేషన్ రీడింగులు పాత రికార్డు చూసి దింపుతారు. అక్కడ 12 క్రెడిట్ల రీసెర్చ్ ప్రాజెక్టా?

గెజిట్_గోపాలం:
థియరీ పేపర్లకి కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ఉంది. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా అక్కడ చేయొచ్చు. 20 క్రెడిట్ల సెమిస్టర్‌లో 8. ఏబీసీ (క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్) ఐడీ లింక్ చేసుకుంటే క్రెడిట్లు అందులో పడతాయి. ఏ కోర్సుని ఒప్పుకుంటారో మాత్రం చేరకముందే కాలేజీ చేత రాయించుకోవాలి. ఈ పని వదిలేసినవాళ్లకే సర్టిఫికెట్ చేతిలో ఉండి క్రెడిట్లు రాని పరిస్థితి.

బెంచి_చివర:
స్వయంలో సోడియం ల్యాంపు వెలుగుతుందా? అసలు సంగతి నేను చెప్తాను. మూడో ఏడుతో పిల్లలు వెళ్లిపోతే పేపర్లు తగ్గుతాయి, పేపర్లు తగ్గితే వర్క్‌లోడ్ తగ్గుతుంది, వర్క్‌లోడ్ తగ్గితే పోస్టు మీదికొస్తుంది. మీరు లెక్చరర్ కాదని చెప్పండి చూద్దాం.

గెజిట్_గోపాలం:
లెక్చరర్నే, దాచుకోవాల్సిన పనేముంది? వర్క్‌లోడ్ నాకు అక్కరలేదనీ అనను. కానీ మీరు క్యాంపస్ అంటున్నది హాస్టల్ ఖర్చు పెట్టుకోగలిగే మగపిల్లల్ని చూసి. మా దగ్గర ఆడపిల్లల్లో చాలామందికి బస్సు మీద వెళ్లొచ్చే కాలేజీ అయితేనే చదువు. మూడో ఏడు అయ్యాక ఇంట్లో సంబంధాలు చూస్తారు. నాలుగో ఏడు ఇక్కడుంటే ఇంకో ఏడాది చదువుతుంది. లేకపోతే పీజీసెట్ రాయడం దాకా కూడా రాదు.

బెంచి_చివర:
ఇది మొదటే చెప్పొచ్చుగా! అయినా నా మాట అదే. ఆ అమ్మాయిలకి మీరిచ్చే ఏడాదిలో ల్యాబ్ లేదు, గైడ్ లేడు. ఇంట్లోవాళ్లు పంపరు కాబట్టి ఉన్నదానితో సరిపెట్టుకోమనడమే ఇది. క్యాంపస్‌లో హాస్టల్ సీటు అడగాల్సిన చోట నాలుగో ఏడు చూపిస్తున్నారు.

గెజిట్_గోపాలం:
హాస్టల్ వచ్చేదాకా ఆ అమ్మాయి ఏం చేయాలి?

కౌన్సెలింగ్_అక్క:
మీ ఇద్దరూ కాసేపు ఆగండి. తమ్ముడూ, పీజీసెట్‌కి ఎలాగూ అప్లై చెయ్యి, నాలుగో ఏడు గురించి తర్వాత చూద్దువు. ఆరో సెమిస్టర్ ఫలితాలు ఆలస్యమైతే కౌన్సెలింగ్‌లో ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం పరుగులు పెట్టాలి, ఒక్క బ్యాక్‌లాగ్ ఉన్నా ఆగిపోతావు. పాత సబ్జెక్టులేమైనా మిగిలుంటే ఇప్పుడే కట్టేయ్. సీటు ఖరారై రిపోర్టింగ్ తేదీ వచ్చేదాకా టీసీ తీయకు. క్యాంపస్ సీటొస్తే వెళ్లిపో. అనుబంధ కాలేజీలో సీటొస్తే మాత్రం, మీ డిపార్ట్‌మెంట్‌లో గైడ్లు ఎంతమంది ఉన్నారో కనుక్కుని అప్పుడు పోల్చి చూడు.

ఆరో_సెమిస్టర్:
థాంక్స్ అక్కా. గైడ్ ఒక్కరే ఉన్నారు. ఆయనా వచ్చే ఏడాది రిటైరవుతారట.

శాతం_శాస్త్రి:
పీహెచ్‌డీకి రిజర్వేషన్ వాళ్లకి 5 శాతం సడలింపు, అంటే 70 చాలు అంటున్నారు. మరి అది ఆరు సెమిస్టర్ల 75కి కూడా వర్తిస్తుందా లేదా? దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.