చిన్ననాటి భయం తగ్గింది, కానీ సంతోషం నిలవడం లేదు. ఏం చేయాలి?

చిన్నప్పుడు ఇంట్లో ఏళ్ల తరబడి హింస చూశాను, పడ్డాను కూడా. ఆ వివరాల్లోకి వెళ్లను. ఇప్పుడు భయపడాల్సిన చోట లేను, ఉద్యోగం ఉంది, నమ్మదగ్గ మనుషులున్నారు. డాక్టరు కాంప్లెక్స్ పీటీఎస్‌డీ (ఏళ్ల తరబడి సాగిన హింస లాంటివి మనసులో మిగిల్చే సమస్య) అన్నారు, 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో దీన్ని విడిగా చేర్చారు. ఈఎండీఆర్ థెరపీతో (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల మీద పనిచేసే చికిత్స) పీడకలలు చాలావరకు పోయాయి.

మిగిలిన సమస్య ఇది. ఏదైనా మంచి జరిగితే కాసేపు బాగానే ఉంటుంది, అరగంట తిరక్కుండానే దవడ బిగుసుకుపోతుంది, కడుపులో తిప్పుతుంది, ఇక ఏదో చెడు జరగబోతోందని చెవులు తలుపు వైపే ఉంటాయి. మొన్న స్నేహితులతో నవ్వుతూ నవ్వుతూనే ఇలా అయి లేచి వచ్చేశాను. సాయంత్రాలు, సెలవు రోజులు మరీ ఎక్కువ. పనిలో ఉంటే రాదు.

నెమ్మదిగా ఊపిరి వదలడం, పాదాలు నేలకు ఆనించి చుట్టూ ఉన్నవి చూడటం చేస్తున్నాను, గుండె దడ తగ్గుతుంది గానీ పోయిన సంతోషం తిరిగి రాదు. రోజూ మంచి విషయాలు డైరీలో రాశాను, ఎవరి గురించో రాసినట్టే ఉంది. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇచ్చే సెర్ట్రలిన్ మందు 50 మి.గ్రా. వాడుతున్నాను, టెన్షన్ తగ్గింది కానీ ఆనందం కూడా మొద్దుబారింది. డాక్టరుకు చెప్పాను, డోసు చూద్దామన్నారు. 'పాతవి మర్చిపో' అని మాత్రం దయచేసి చెప్పకండి.

ఈ దశ దాటినవాళ్లు చెప్పండి: సంతోషం వచ్చినప్పుడు భయపడకుండా అందులో కాసేపు ఉండగలగడానికి మీకు మొదట పనికొచ్చింది ఏమిటి?