పాలమూరుకు విమానాశ్రయం ముందా, శంషాబాద్‌కు దారి ముందా? ట్రూజెట్ కథ చూసి మాట్లాడుకుందాం

వనపర్తి వాసి:
వరంగల్ మామునూరుకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట, "మరి మన గుడిబండ సంగతేంది?" అని. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. రాష్ట్రంలో కొత్త విమానాశ్రయాల కోసం ఆరు చోట్లు పరిశీలించారు. మామునూరు, బసంత్‌నగర్, జక్రాన్‌పల్లి, పాల్వంచ, ఆదిలాబాద్, ఆరోది మన అడ్డాకుల దగ్గరి గుడిబండ.

ఇప్పటికైతే నేను దీనికి వ్యతిరేకం. జిల్లా మీద ప్రేమ లేక కాదు, ట్రూజెట్‌కు ఏమైందో చూశాను కాబట్టి. అది మన హైదరాబాద్ సంస్థ. అసలు పేరు టర్బో మేఘా ఎయిర్‌వేస్. నటుడు రామ్‌చరణ్ కూడా అందులో భాగస్వామి. 2015 జులైలో ఏటీఆర్-72 అనే చిన్న విమానాలతో మొదలుపెట్టి తిరుపతి, రాజమండ్రి, ఔరంగాబాద్ తిప్పింది. చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం ఉడాన్. 2017 ఏప్రిల్ 27న దాని తొలి విమానాలు ఎగిరిన రోజు హైదరాబాద్ నుంచి కడపకు, నాందేడ్‌కు నడిపింది ఇదే. తర్వాత బళ్లారి పక్కన విద్యానగర్, మైసూరు, సేలం, జల్గావ్, కొల్హాపూర్, పోర్‌బందర్, బీదర్. పెద్ద సంస్థలు మొహం చూడని ఊళ్లకు రెక్కలు తొడిగింది. 2022 ఫిబ్రవరిలో అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఇది ఒక్క కంపెనీ గొడవ అనుకోవద్దు. ఉడాన్ మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్ల మీద ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే కాగ్ 2023లో నివేదిక ఇచ్చింది. అందులో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల సబ్సిడీ గడువు పూర్తిచేసినవి 112. ఆ మూడేళ్ల తర్వాత కూడా నిలబడ్డవి 54. రన్‌వే కట్టడం ప్రభుత్వం చేతిలో పని. సబ్సిడీ అయిపోయాక నాలుగో ఏడు రోజూ సీట్లు నిండాలంటే ఎవరి చేతిలో ఉంది?

దేవరకద్ర బిడ్డ:
అన్నా, లెక్కలు సరే. కడప మాట సగంలో ఆపేశారు. ట్రూజెట్ పోయింది, కడప విమానాశ్రయం పోలేదు కదా! 2022 మార్చిలోనే ఇండిగో వచ్చింది. నాందేడ్‌కు 2024లో స్టార్ ఎయిర్ వచ్చింది. కంపెనీలు వస్తాయి, పోతాయి. రన్‌వే ఉన్న ఊరికి ఇంకొకరు వస్తారు, లేని ఊరికి ఎవరూ రారు.

పాలమూరు విషయం వచ్చేసరికి ప్రతిదానికీ "ఇప్పుడే కాదు" అనే మాటే వింటున్నాం. నీళ్లకు అదే, గద్వాల–మాచర్ల రైలుకు అదే. పోలేపల్లిలో ఫార్మా సెజ్‌కు భూములు కావాలంటే మాత్రం ఆలస్యం కాలేదు. మా నారాయణపేట, కోస్గి వైపు నుంచి ముంబై, పుణె పనులకు తరతరాలుగా పోతున్నారు. ఇంట్లో ముసలాయనకు సీరియస్ అని ఫోన్ వస్తే రాత్రంతా బస్సులో కూర్చొని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లు మా ఊళ్లో ఇంటికొకరు ఉన్నారు. వాళ్లకు ముంబై విమానం అక్కర్లేదా?

శంషాబాద్ ర్యాంప్:
నేను శంషాబాద్‌లో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో పనిచేస్తాను, ఊరు జడ్చర్ల దగ్గర. విమానం వైపు నుంచి చూస్తే ఇది ఎట్లుంటదో చెప్తాను.

ఏటీఆర్-72లో దాదాపు 70 సీట్లు. ఎక్కేది వెనక తలుపు నుంచి, సామాను పెట్టేది ముందు తలుపు నుంచి. తలుపులోనే మెట్లు ఉంటాయి కాబట్టి చిన్న ఊళ్లో ఏరోబ్రిడ్జి, నిచ్చెన బండి ఏదీ లేకపోయినా దిగొచ్చు. పెద్ద విమానాలకు తోకలో ఒక చిన్న ఇంజన్ ఉంటుంది, నేల మీద ఉన్నప్పుడు కరెంటుకు, ఏసీకి అదే ఆధారం. ఏటీఆర్‌కు అది లేదు. కుడి ఇంజన్ ప్రొపెల్లర్‌కు బ్రేక్ వేసి, ఫ్యాన్ తిరగకుండా ఇంజన్ మాత్రం నడుపుతారు. దాన్ని హోటల్ మోడ్ అంటాం. అందుకే ఆ కుడి పక్కకు ఎవరినీ పోనివ్వం. పొట్టి రన్‌వే చాలు, జెట్ కంటే ఇంధనం బాగా తక్కువ తాగుతుంది. చిన్న ఊళ్ల కోసమే చేసినట్టుంటుంది.

కష్టం వేరే దగ్గర ఉంది. చిన్న సంస్థకు ఉండేవే ఐదో ఆరో విమానాలు. పొద్దున ఒకటి టెక్నికల్ అని ఆగితే ఆ రోజు అది పోవాల్సిన నాలుగైదు ఊళ్లు ఆగిపోతాయి. పెద్ద కంపెనీ అయితే ఇంకో విమానం తెచ్చి పెడుతుంది. చిన్నవాళ్లకు ఆ పక్క విమానమే ఉండదు. విమానం ఎగరకపోయినా లీజు అద్దె మాత్రం కట్టాల్సిందే. 2020లో లాక్‌డౌన్‌కు రెండు నెలలు దేశమంతా విమానాలు ఆగినప్పుడు చిన్న సంస్థల నడుం విరిగింది అక్కడే. ఒకటి రెండు సార్లు ఫ్లైట్ క్యాన్సిల్ అయిందంటే జనం మళ్లీ ఆ టికెట్ కొనరు. ఆ మొహాలు కౌంటర్ దగ్గర రోజూ చూసేవాణ్ని.

దేవరకద్ర తమ్మీ, ఇంకో మాట. ఉడాన్ మొదలుపెట్టినప్పుడు గంట సేపటి ప్రయాణానికి సగం సీట్ల మీదే 2,500 రూపాయల పరిమితి పెట్టారు. ముంబై గంట దారి కాదు, ఏటీఆర్‌లో ఇంకా ఎక్కువ పడుతుంది. మిగతా సగం సీట్లు మార్కెట్ ధరకే. మన కూలీ అన్నలు ఏ ధరకు కొంటారో లెక్క వేసి చూడు.

అడ్డాకుల రైతు:
అందరూ టికెట్ల గురించి మాట్లాడుతున్నారు, భూమి గురించి కూడా మాట్లాడండి. సర్వే అన్న వార్త వచ్చినప్పటి నుంచి మా దిక్కు నిద్ర లేదు. హైవే పక్కన ఎకరం రేటు పెరిగిందని బయటివాళ్లు సంతోషపడుతున్నారు. బోరు వేసి, వేరుశనగ, వరి పండించుకునేవాడికి ఆ రేటు కాగితం మీద కనిపించేదే. ఇస్తామా, ఇయ్యమా అన్నది తర్వాత. ముందు ఏ సర్వే నంబర్లు పోతాయో చెప్పమనండి. చెప్పకుండా ఏళ్లకేళ్లు నానబెడితే పిల్ల పెళ్లికి రెండెకరాలు అమ్ముకుందామన్నా కొనేవాడు వెనకాడతాడు.

గద్వాల తేరు:
మా అనుభవం వినండి. మాకు కర్నూలు దగ్గర. ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. బెంగళూరు, చెన్నై, విశాఖ ఏటీఆర్‌లు వేశారు. అలంపూర్ వాళ్లకు తుంగభద్ర దాటితే కర్నూలే. ఎంత సంబరపడ్డామో! తీరా పని పడినప్పుడు చూస్తే మనం పోవాల్సిన రోజు అక్కడ ఫ్లైట్ ఉండదు, ఉన్నా టైం కుదరదు. చివరికి 44వ నంబరు హైవే ఎక్కి శంషాబాద్‌కే పోతున్నాం. అక్కడైతే ఒకటి తప్పితే ఇంకొకటి ఉంటుంది. ఓర్వకల్లుకు, శంషాబాద్‌కు మధ్యలో ఇంకోటి కడితే దానికి జనం ఎక్కడి నుంచి వస్తారో నాకు అర్థం కావడం లేదు.

మిర్యాలగూడ మిల్లు:
నల్గొండ తరఫున ఒక్క ముక్క. సాగర్‌లో ఆంధ్రా వైపు విజయపురి సౌత్‌లో ఎప్పటి నుంచో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ప్రయాణికుల విమానం దిగుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. 2024 నవంబర్‌లో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగం చేసినప్పుడు మళ్లీ ఆశ పుట్టింది. కానీ మాకు నిజంగా పనికొచ్చింది 2023 ఏప్రిల్‌లో వచ్చిన తిరుపతి వందేభారత్. నల్గొండలో ఆగుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్లు దర్శనానికి దాంట్లోనే పోతున్నారు. పాలమూరులో కూడా కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ ఆగుతుంది కదా, బెంగళూరు పోయేవాళ్లు విమానం దాకా పోతారా?

దేవరకద్ర బిడ్డ:
శంషాబాద్ అన్న చెప్పిన ఛార్జీల మాట ఆలోచించాల్సిందే, కాదనను. అయినా నా వాదన రేపటి ఫ్లైట్ గురించి కాదు. శంషాబాద్ ఒప్పందం ప్రకారం 2008 నుంచి 25 ఏళ్లు, 150 కిలోమీటర్ల లోపల వేరే విమానాశ్రయం రావాలంటే శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ ఒప్పుకోవాలి. వరంగల్‌కు ఒప్పుకుంది. మనకు ఒప్పుకోకపోయినా 2033కు ఆ గడువు తీరిపోతుంది. అప్పుడు భూమి వెతుక్కుంటూ కూర్చుంటే ఎకరం ఎంత ఉంటుంది? కడప రన్‌వే ముందే ఉంది కాబట్టే ఉడాన్ మొదటి రోజే విమానం దిగింది.

వనపర్తి వాసి:
తమ్మీ, నువ్వు కడపను చూపిస్తున్నావు, నేను బీదర్‌ను చూపిస్తాను. కడప నుంచి హైదరాబాద్ అంటే రోడ్డు మీద ఒక రాత్రి పోతుంది, అందుకే జనం విమానం ఎక్కారు. మనలాగా హైదరాబాద్‌కు రెండు మూడు గంటల దూరంలో ఉన్న ఊరు బీదర్. అక్కడ కూడా 150 కిలోమీటర్ల గొడవ నడిచింది. 2020 ఫిబ్రవరిలో ట్రూజెట్ బెంగళూరుకు మొదలుపెట్టింది, రెండేళ్లకు ట్రూజెట్ మూతపడింది. తర్వాత స్టార్ ఎయిర్ వచ్చింది, అదీ మధ్యలో ఆగి 2025లో మళ్లీ మొదలైంది. మన పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన, మన వైపే ఉంది. జడ్చర్ల నుంచి గంట.

అంటే ఆ విమానాశ్రయం ఇప్పటికే మనది. దాని గడప దాకా మనకు దారే సరిగ్గా లేదు. మన మహబూబ్‌నగర్ రైలు ఉందానగర్ మీదుగానే పోతుంది. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు అయిదారు కిలోమీటర్లు. అంత దగ్గర నుంచి పోతూ కూడా, పెట్టెలు మోసుకుని దిగి ఆటోవాడితో బేరం ఆడాలి. సిటీలో నాలుగు దిక్కుల నుంచి ఎయిర్‌పోర్టుకు పుష్పక్ బస్సులు నడుపుతున్న ఆర్టీసీ, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కొల్లాపూర్ నుంచి రాత్రిపూట నేరుగా టెర్మినల్‌కు రెండు బస్సులు వేయలేదా? ముంబై నుంచి అర్ధరాత్రి దిగే మన మనిషికి కావాల్సింది అది. నాగర్‌కర్నూల్ పట్టణానికి ఇంతవరకు రైలు కూత వినపడలేదు, గద్వాల–మాచర్ల లైను పడితే ఆ లోటు తీరుతుంది. వందల ఎకరాలు, కోట్లు పెట్టగలిగితే ముందు దానికి పెట్టమని అడుగుదాం.

శంషాబాద్ ర్యాంప్:
ఉందానగర్ సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. మా షిఫ్టులో పాలమూరు వైపు పిల్లలు చాలామంది ఆ రైలుకే వస్తారు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు తెల్లారి రైలు దాకా స్టేషన్‌లోనే పడుకుంటారు. ఒక్క బస్సు స్టేషన్‌కు, టెర్మినల్‌కు మధ్య తిరిగితే ప్రయాణికులతో పాటు వీళ్లకూ మేలు.

అడ్డాకుల రైతు:
వినతిపత్రం రాస్తే సర్వే నంబర్లు బయటపెట్టాలన్న మాట కూడా చేర్చండి. అవునో కాదో ఒకటి తేల్చేస్తే మా బతుకు మేం చూసుకుంటాం.

దేవరకద్ర బిడ్డ:
ఉందానగర్ బస్సుకు, గద్వాల–మాచర్ల లైనుకు, రైతన్న అడిగిన సర్వే నంబర్లకు నా సంతకం పెడతా. మా ఊరి నుంచి ఇంకో యాభై తెస్తా. గుడిబండ పేరు జాబితాలోంచి తీసేయమని అందులో ఒక్క వాక్యం రాసినా మాత్రం పెట్టను.