తెల్ల క్వార్ట్జా, గ్రానైటా? రేపటికల్లా చెప్పాలి, బుర్ర పనిచేయట్లేదు

కొత్తిల్లు గోల: మూడు గంటల్నుంచి శాంపిల్ ముక్కలు ముందేసుకుని కూర్చున్నాను. చూసేకొద్దీ అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. క్వార్ట్జ్ తీసుకోమని ఒకరు, గ్రానైట్‌ని మించింది లేదని ఇంకొకరు. కిచెన్ గట్టు తెల్లగా ఉండాలి, మరక పడకూడదు, అంతే. పొద్దున్నే కటింగ్‌కి ఇవ్వాలి. ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పండి ప్లీజ్. పాత గట్టుతో పడ్డ బాధ మళ్లీ పడలేను.

ముక్తసరి: పాత గట్టు దేనిది? ఏం బాధ?

రాతిప్రేమి: ముందు పేర్లు సరిచేసుకుందాం. క్వార్ట్జ్ అంటే ఖనిజం. ఆ పేరుతో అమ్మేది ఇంజనీర్డ్ స్టోన్. బరువులో 90 శాతం దాకా క్వార్ట్జ్ రవ్వ, పొడి; మిగతాది రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు), రంగు. క్వార్ట్జైట్ మళ్లీ వేరు. ఇసుకరాయి భూమిలోపల వేడికీ ఒత్తిడికీ మారి అలా అవుతుంది. ఇక ‘బ్లాక్ గ్రానైట్’ అంటున్నది చాలావరకు గ్రానైటే కాదు, గాబ్రోనో డోలరైటో అనే వేరే నల్లరాయి.

పొయ్యిగట్టు: గురువుగారూ, అక్కడ రేపు కటింగ్. మీరు భూగర్భంలోకి దిగిపోయారు.

రాతిప్రేమి: పేరు తెలియకపోతే మోసపోయేది కూడా వాళ్లే. క్వార్ట్జైట్ అని చెప్పి పాలరాయి లాంటి మెత్తటి రాయి అంటగట్టేవాళ్లున్నారు. ముక్క అంచుతో పాత గాజు సీసా మీద గట్టిగా గీయండి. క్వార్ట్జైటయితే గాజు మీద గీత పడుతుంది. పాలరాయికి ఆ శక్తి లేదు. ఖనిజాల గట్టిదనం 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేల్ మీద దాని కాఠిన్యం 3, గాజుది 5.5 దగ్గర.

కొత్తిల్లు గోల: పాతది తెల్ల పాలరాయేనండీ. నిమ్మరసం పడిన చోటల్లా మచ్చలు. తోమేకొద్దీ ఇంకా మసకబారింది. అందుకే మరకంటే భయం.

వంటింటి కబుర్లు: అది మరక కాదండీ! మరకంటే రంగో నూనో లోపలికి ఇంకడం. మీది పులుపు రాయినే తినేయడం. పాలరాయి కాల్షియం కార్బొనేట్ కదా, నిమ్మరసమో వెనిగరో తగిలితే పాలిష్ కరిగిపోతుంది. తోమితే ఏం వస్తుంది, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. సీలర్ (రాతి రంధ్రాలు మూసే పూత) కొట్టినా ఇది ఆగదు, సీలర్ ఆపేది ఇంకడాన్నే. గ్రానైట్‌కీ క్వార్ట్జ్‌కీ వంటింటి పులుపుల భయం లేదు. కాకపోతే లేత రంగు గ్రానైట్లు కొన్ని నూనె పీల్చేస్తాయి. ముక్క మీద నాలుగు నీటి చుక్కలు వేసి 10 నిమిషాలు ఆగండి. కింద రంగు ముదిరితే సీలర్ తప్పదు, అప్పుడప్పుడూ మళ్లీ కొట్టాలి కూడా.

ధూళి: కోసేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? ఇంజనీర్డ్ స్టోన్‌ని పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ముతో (క్వార్ట్జ్ అంటే సిలికానే) సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పాడైన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇంజనీర్డ్ స్టోన్‌నే నిషేధించింది. ఇంట్లోనే గ్రైండర్‌తో సింక్ కట్ చేసేస్తామంటే అస్సలు ఒప్పుకోకండి. నీళ్లు పోస్తూ కోసే చోటే చేయించండి.

ముక్తసరి: గ్రానైట్‌లోనూ సిలికా ఉంది.

ధూళి: ఉంది, కానీ ఇంజనీర్డ్ స్టోన్‌లో ఉన్నదానికంటే చాలా తక్కువ. రెండూ ఒకటేనా?

పొయ్యిగట్టు: స్టీల్ వేయించుకోండి, గొడవే ఉండదు.

రాతిప్రేమి: గీతలు పడవూ?

పొయ్యిగట్టు: నిండా పడ్డాక అదే డిజైన్.

ముక్తసరి: అడిగినవాళ్లకి. కింద క్యాబినెట్లా, కట్టుబడా? స్లాబ్ మందం ఎంత? ఎండ పడుతుందా?

కొత్తిల్లు గోల: క్యాబినెట్లే. 20 ఎంఎం అన్నారు. పక్కన పెద్ద కిటికీ, మధ్యాహ్నం నుంచి ఎండంతా గట్టు మీదే. ఇది కూడా చెప్పాలా?

ముక్తసరి: ముందు చెప్పాల్సిందే అది. తెల్ల క్వార్ట్జ్ వద్దు. ఎండకి రెజిన్ పసుపెక్కుతుంది. వేడి గిన్నె నేరుగా దించినా కష్టమే, 150 డిగ్రీలు దాటితే కమిలిపోవచ్చు.

రాతిప్రేమి: గ్రానైట్‌లో చుక్క లేని తెలుపు మాత్రం వెతక్కండి, మైకా (అభ్రకం) ఎక్కడో ఒకచోట కనబడుతుంది. మచ్చ లేకుండా పాలలా ఉన్నదాన్ని గ్రానైట్ అంటే అనుమానించండి.

వంటింటి కబుర్లు: ఇంకోటి. సింక్, హాబ్ (గట్టులో బిగించే స్టవ్) కటింగ్‌లో లోపలి మూలలు గుండ్రంగా తీయమనండి. నిక్కచ్చి మూలయితే పగులు అక్కడే మొదలవుతుంది. హాబ్ ముందు మిగిలే సన్న పట్టీని మోసేటప్పుడే విరగ్గొట్టేస్తారు, దగ్గరుండి చూసుకోండి. మాది అలాగే పోయింది.

కొత్తిల్లు గోల: నీళ్ల చుక్కలు వేశాను. నాకు బాగా నచ్చిన ముక్క రెండు నిమిషాల్లోనే నల్లబడింది. బూడిద చుక్కలున్నదానికి ఏమీ కాలేదు. ఆ గ్రానైటే ఇచ్చేశాను. థాంక్సండీ.

రాతిప్రేమి: గాజు మీద గీశారా?

సింక్ సందేహం: నాదీ ఇదే గోల. క్యాబినెట్ల మీద లామినేట్ (చెక్క పలక మీద షీట్ అంటించిన గట్టు) వేస్తే సింక్ కిందనుంచి బిగించొచ్చా? కోసిన అంచులోకి నీళ్లు దిగి ఉబ్బిపోతుందంటున్నారు. ఎవరైనా చేయించారా?