డూప్ చేసినా అసలు హ్యాష్ మారిపోతోంది, ఎందుకు?

ప్రశ్న (తిరుపతి నుంచి): రూబీ ప్రోగ్రామింగ్ భాషలో బస్సు రూట్ల హ్యాష్ (కీ-విలువ జతల పట్టిక) ఉంది: "తిరుపతి" కీకి ["చిత్తూరు", "పీలేరు"] అనే అర్రే (వరుస జాబితా). డూప్ (కాపీ) తీసి, కాపీలోని అర్రేకి "మదనపల్లె" చేరిస్తే అసలుదాంట్లోనూ చేరింది. అసలుదాన్ని ముందే ఫ్రీజ్ చేసినా (మార్చకుండా బిగించినా) అంతే, ఎర్రర్ కూడా రాలేదు. కాపీకి ఇంకో పద్ధతైన క్లోన్ వాడాలా అన్నా?

జవాబు 1: క్లోన్ వాడినా ఇదే తమ్ముడూ. రెండూ పై పొరనే కాపీ చేస్తాయి. లోపలి అర్రే ఒక్కటే, రెండు హ్యాష్‌లూ దాన్నే పట్టుకుని ఉంటాయి. రెండు చోట్లా ఆ అర్రే ఆబ్జెక్ట్_ఐడీ (గుర్తింపు నంబరు) ప్రింట్ చేసి చూడు, ఒకే నంబరు వస్తుంది. నీకు, ప్రతి విలువనూ మార్చి కొత్త హ్యాష్ ఇచ్చే ట్రాన్స్‌ఫామ్_వాల్యూస్‌లో ఒక్కో అర్రేనీ డూప్ చేస్తే చాలు. లోపలి స్ట్రింగులు (ఊరి పేర్లు) మాత్రం ఇంకా ఉమ్మడివే. వాటిని << అనే చేర్చే గుర్తుతో మార్చావంటే మళ్లీ ఇదే తంటా.

జవాబు 2: ఫ్రీజ్ కూడా పై పొరకే. కొత్త కీ చేర్చబోతే ఫ్రోజెన్‌ఎర్రర్ వస్తుంది, లోపలి అర్రే మాత్రం మారుతూనే ఉంటుంది. అడుగుదాకా బిగించాలంటే రూబీ 3.0 నుంచి రాక్టర్.మేక్_షేరబుల్ ఉంది. జాగ్రత్త, అది అసలుదాన్నే బిగించేస్తుంది. ఇంకోటి, డూప్ కాపీకి ఫ్రీజ్ అంటదు, క్లోన్ కాపీకి అంటుతుంది. వద్దంటే క్లోన్(ఫ్రీజ్: ఫాల్స్), 2.4 నుంచి.

జవాబు 3: పొరలు ఎక్కువైతే మార్షల్.డంప్ (డేటాను బైట్లుగా మార్చడం) చేసి మార్షల్.లోడ్ (వాటి నుంచి మళ్లీ కొత్తగా కట్టడం) చేయండి. హ్యాష్.న్యూకి బ్లాక్ (కీ లేనప్పుడు నడిచే కోడ్ ముక్క) ఇచ్చి కట్టిన హ్యాష్ అయితే డంప్ దగ్గరే టైప్‌ఎర్రర్ వస్తుంది. ముందు డూప్ తీసి, ఆ బ్లాక్‌ను పట్టుకునే దాని డిఫాల్ట్_ప్రాక్‌ను నిల్ చేసి, అప్పుడు డంప్ చేయండి.