అమెరికా సుప్రీంకోర్టు మూడేళ్లకే మాట ఎందుకు మార్చింది?

దేవుడికి తప్ప దేనికీ మొక్కకూడదనే నమ్మకంతో జెండా వందనం చేయని యెహోవాసాక్షుల (ఒక క్రైస్తవ శాఖ) పిల్లల్ని బడి నుంచి పంపేయడం సబబేనని అమెరికా సుప్రీంకోర్టు 1940లో గోబైటిస్ కేసులో 8–1తో తేల్చింది. (అప్పట్లో ఆ వందనం చెయ్యి ముందుకు చాచి చేసేవారు, అచ్చం హిట్లర్ సెల్యూట్‌లా!) 1943లో, అదీ యుద్ధం నడుస్తుండగా, బార్నెట్ కేసులో అదే కోర్టు 6–3తో ఆ తీర్పును కొట్టేసింది.

కొత్త జడ్జీలు వచ్చారు, సరే. కానీ బ్లాక్, డగ్లస్, మర్ఫీ ముందు అటు ఓటేసినవాళ్లే కదా, వాళ్ల మనసు మార్చిందేంటి? తొలి తీర్పు తర్వాత ఆ మతస్థుల మీద జరిగిన దాడులేనా?

ఇంకోటి, 1986లో జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేసిన కేరళ యెహోవాసాక్షుల పిల్లల కేసులో మన సుప్రీంకోర్టు జస్టిస్ చిన్నపరెడ్డి గారు బార్నెట్ తీర్పు మీద ఎంతవరకు ఆధారపడ్డారు? లా చదివినవాళ్లు కాస్త చెప్పండి. వచ్చే వారం క్లాసులో ఇదే చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.