వాగ్దానం కోసమే బైబిల్ తెరవడం తప్పా? మీరేమంటారు

గుంటూరు చదువరి: అందరికీ వందనాలు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు, అంటే కొత్త సంవత్సరానికి దేవుడి మాటగా తీసుకునే బైబిల్ వచనాలు రాసినవి, పళ్ళెంలో పెట్టి తిప్పుతారు కదా, ఈసారి నాకు మొదట వచ్చినదాంట్లో శ్రమలో ఓర్పు గురించి ఉంది, మెల్లగా కింద పెట్టేసి ఇంకోటి తీశా. యిర్మీయా 29:11 వచ్చింది, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని. సంతోషంగా బైబిల్ కవర్లో పెట్టుకున్నా గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. నేను దేవుడి మాట వినడానికి వెళ్లానా, నాకు కావలసింది చెప్పించుకోవడానికి వెళ్లానా? పొద్దున్నే అధ్యాయం మొత్తం చదివా. పై వచనంలోనే 70 ఏళ్లు అనుంది. బబులోనుకి బందీలుగా వెళ్లి చెరలో ఉన్న యూదులకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది, చెర 70 ఏళ్లు ఉంటుందని, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని. అంటే అది విన్న పెద్దవాళ్లు చాలామంది అక్కడే చనిపోతారన్నమాట. కార్డు మీద అదేం లేదు. ఇలా ఏరుకుని చదవడం తప్పేనని నా అభిప్రాయం.

రాజమండ్రి అక్క: తమ్ముడూ, మరీ కఠినంగా మాట్లాడుతున్నావ్. మా అమ్మకి చదువు రాదు. నాన్న ఐసీయూలో ఉన్న 11 రోజులూ బయట కుర్చీలో కూర్చుని నాచేత దేవుడు కాపాడతాడని చెప్పే 91వ కీర్తనే చదివించుకుంది, ముందేముంది వెనకేముంది అని అడగలేదు. అది స్వార్థమా? దావీదు మాత్రం తన అవసరంతో మొర్రపెట్టలేదా?

వరంగల్ సండేస్కూల్ టీచర్: అక్కా, అమ్మగారిది స్వార్థం అని ఎవరూ అనరు. కానీ ఆ 91వ కీర్తననే సాతాను యేసు దగ్గర ఎత్తాడు, మత్తయి 4లో, దేవాలయ శిఖరం మీంచి దూకమని. వచనం అదే, తెచ్చినవాడి ఉద్దేశమే వేరు. నా సంగతి ఇంకోరకం, చదువుతున్నంతసేపూ ఈ మాట ఫలానా వాళ్లకి తగలాలి, ఆదివారం పిల్లలకి ఇది చెప్పాలి అనే ఆలోచనే. పెన్సిల్ గీతలన్నీ వేరేవాళ్ల కోసం గీసినవే, నాకోసం గీసుకున్నది వెతికితే దొరకలేదు. నిజంగా భయమేసింది.

గుంటూరు చదువరి: అక్కా, అవసరంతో చదవడం తప్పని కాదు, నేను సరిగ్గా చెప్పలేకపోయా. ఒకసారి యిర్మీయా 28 చూడండి, హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని దేవుడి పేరు మీదే చెప్తాడు, యిర్మీయా ఏమో 70 అంటాడు. నేను అక్కడుంటే హనన్యా మాటే పట్టుకునేవాణ్ణి. అవసరంతో వెళ్లినా, జవాబు ముందే రాసుకుని వెళ్లకూడదు, నా బాధ అంతే.

రాజమండ్రి అక్క: ఇప్పుడర్థమైంది తమ్ముడూ. నాన్న ఇంటికి రాలేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ రోజూ రాత్రి అదే కీర్తన చదవమంటుంది. అప్పట్లో "అపాయమేమియు రాదు" అన్న దగ్గర మళ్లీ చదవమనేది. ఇప్పుడు 15వ వచనం దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపుతుంది, "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అన్నచోట.